కాయితం మీద లేని వాళ్లు

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. ఏడేళ్ల పాటు సగం ప్రపంచాన్ని తగలబెట్టిన యుద్ధానికి అది ముగింపు. వీలుంటే ఒకసారి తెరిచి చదవండి, ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. నాలుగో క్లాజులో ఫ్రాన్స్ రాజు కెనడాను ఇంగ్లండ్ రాజుకి రాసిచ్చేస్తాడు. కిందికి స్క్రోల్ చేసుకుంటూ పదకొండో క్లాజుకి రండి. అక్కడ మన హైదరాబాద్ ఉంటుంది. దక్కన్ సుబేదారుగా సలాబత్ జంగ్‌ని రెండు దేశాలూ గుర్తిస్తున్నట్టు రాసుకున్నారు.

చిక్కేమిటంటే, ఆ సంతకాలు పడే నాటికి సలాబత్ జంగ్ బీదర్ కోటలో ఖైదీ. 1762 జులైలోనే తమ్ముడు నిజాం అలీ ఖాన్ ఆయన్ని గద్దె దించి లోపల వేయించాడు. అంటే పారిస్ కాయితంలో ఆయన సుబేదారు, బీదర్‌లో ఖైదీ. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆ కోటలోనే ఆయన ప్రాణం పోయింది. తన పేరు ఒక అంతర్జాతీయ ఒప్పందంలో ఉందన్న సంగతి ఆయన చెవిన పడిందో లేదో!

సరే, పదకొండో క్లాజులో కనీసం ఒక పేరుంది. నాలుగో క్లాజులో అదీ లేదు. కెనడాతో పాటు నోవా స్కోషియా మీద తనకున్న హక్కునీ ఫ్రాన్స్ వదిలేసుకుంది. ఆ నేల మీద కొన్ని వేల ఏళ్లుగా ఉంటున్న వాళ్ల పేరు ఆ క్లాజులో ఎక్కడా రాయలేదు. వాళ్లే వాబనాకీలు. ఈ వారం కబుర్లు ఈ రెండు క్లాజుల గురించే.

తెల్లవారే దేశం వాళ్లు

వాబనాకీ అంటే తెల్లవారే నేల మనుషులు అని అర్థం. అమెరికా ఈశాన్య మూల, అంటే ఇవాళ్టి మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, ఆ పైన కెనడా తూర్పు తీరం వాళ్ల నేల. అబెనాకీ, పెనాబ్‌స్కాట్, పాసమక్వాడీ, మాలిసీట్, మిక్‌మాక్ అని ఐదు ప్రధాన జాతులు. ఉత్తరాన ఫ్రెంచివాళ్లు, దక్షిణాన ఇంగ్లీషువాళ్లు. మధ్యలో వీళ్లు.

1675 నుంచి 1763 దాకా ఆ సరిహద్దులో ఆరు యుద్ధాలు జరిగాయి. వాటిలో చాలా యుద్ధాలకి ఇంగ్లండ్ రాజుల పేర్లో, రాణుల పేర్లో పెట్టారు. కొట్లాట మాత్రం అడవుల్లో, నదుల ఒడ్డున, పల్లెల్లో. ఫ్రెంచివాళ్లు తుపాకీ మందు ఇచ్చేవాళ్లు, పాదిరీలను పంపేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు ఏటేటా కొత్త ఊళ్లు వేసుకుంటూ పైకి జరిగేవాళ్లు. తమ నేల మీదికి వస్తున్నది ఇంగ్లీషువాళ్లు కాబట్టి వాబనాకీలు ఎక్కువసార్లు ఫ్రెంచి పక్షాన నిలబడ్డారు. వాళ్లకి ఫ్రాన్స్ మీద ప్రేమేమీ లేదు. ఎవరి వల్ల ఎక్కువ నష్టమో లెక్క చూసుకున్నారంతే.

1713లో యుట్రెక్ట్ ఒప్పందం కుదిరినప్పుడు ఫ్రాన్స్ రాజు వాళ్ల నేలలో పెద్ద ముక్కని ఇంగ్లండ్‌కి ఇచ్చేశాడు. ఆ సంగతి ఇంగ్లీషువాళ్లు వచ్చి చెబితే వాబనాకీ పెద్దలు ఆశ్చర్యపోయారు. మమ్మల్ని అడగకుండా మా నేలని ఆయన ఎలా ఇచ్చాడు అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకి ఇప్పటిదాకా సరైన జవాబు ఎవరూ చెప్పలేదు.

1724 ఆగస్టులో ఇంగ్లీషు సేనలు కెన్నెబెక్ నది ఒడ్డున ఉన్న నారిడ్జ్‌వాక్ అనే అబెనాకీ ఊరి మీద పడ్డాయి. ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా వదల్లేదు. అక్కడ ముప్పై ఏళ్లు గడిపిన సెబాస్టియన్ రాల్ అనే ఫ్రెంచి పాదిరీనీ చంపారు. ఆయన అబెనాకీ భాషకి చేత్తో రాసుకున్న నిఘంటువు అంతకు ముందు జరిగిన దాడిలోనే ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. ఇప్పుడది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. ఊరు పోయింది, ఊరి మాటలు మాత్రం లైబ్రరీలో మిగిలాయి.

అద్దెకి సైన్యం

ఇక మన వైపు చూద్దాం. 1748లో మొదటి నిజాం చనిపోయాక గద్దె కోసం కొడుకులూ మనవడూ కొట్టుకున్నారు. పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి గవర్నర్ డూప్లే ఈ గొడవలో ఒక మంచి బిజినెస్ ఐడియా చూశాడు. మా భాషలో చెప్పాలంటే సైన్యాన్ని సర్వీసుగా అమ్మడం. నీకు గద్దె కావాలి, నా దగ్గర కవాతు నేర్చిన సిపాయిలున్నారు, ఫిరంగులున్నాయి. నెలనెలా జీతాలు నువ్వు కట్టు, గెలిపించే పని నాది.

1751లో బుస్సీ అనే దొర 300 మంది ఫ్రెంచి సైనికులతో, 2000 మంది సిపాయిలతో దక్కన్‌కి వచ్చాడు. దారిలో కడప సీమలో ముజఫర్ జంగ్ హతమైతే, అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ని నవాబుని చేశాడు. క్లయింటు పోయినా ప్రాజెక్టు ఆగలేదన్నమాట!

కానీ నవాబు ఖజానాలో డబ్బుల్లేవు. జీతాలు ఆగితే సైన్యం కదలదు. బుస్సీ 1753లో దానికో దారి చూసుకున్నాడు. ఇన్‌వాయిస్ పంపి ఎదురు చూడటం ఎందుకు, పన్ను వసూలు చేసుకునే హక్కే తీసుకుంటే పోలా? అలా కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు సైన్యం ఖర్చుల కింద జాగీరుగా ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చాయి. కృష్ణ దగ్గర నుంచి ఒడిశా అంచు దాకా ఉన్న కోస్తాలో రైతు పండించిన గింజ మీద లెక్క పుదుచ్చేరికి వెళ్లడం మొదలైంది. ఆ రైతుని ఎవరూ అడగలేదని వేరే చెప్పాలా?

జాగీరు అనే మాట మనకి పాతది కాదు. మేముండే మణికొండ ఇప్పటికీ రికార్డుల్లో మణికొండ జాగీరే. ఇక్కడ ఫ్లాట్ కొన్నవాళ్ల కాయితాల్లో చూడండి, ఆ మాట కనబడుతుంది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరు మీద ఉన్న ఆ 1654 ఎకరాలు వక్ఫ్‌వా, ప్రభుత్వానివా అన్న గొడవ 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో గానీ తేలలేదు. ప్రభుత్వానివే అని తీర్పు వచ్చింది. అప్పటికే ఆ నేల మీద ఐటీ టవర్లు లేచాయి. ఎప్పటిదో ఒక మాట నేల మీద పడితే ఎన్ని తరాలు పట్టుకు వేలాడుతుందో అర్థం కావడానికి మా గల్లీ చాలు.

జనవరి 24, 1757

బొబ్బిలి కథ మీకు తెలుసు. బుర్రకథల్లో విన్నారు, ఎన్టీఆర్ 1964 సినిమాలోనో, కృష్ణంరాజు 1986 సినిమాలోనో చూశారు. ఇప్పుడు రీల్స్‌లో చూస్తున్నారు. అందుకే యుద్ధం వర్ణన జోలికి నేను వెళ్లను. వెనకున్న లెక్క మాత్రం చూద్దాం.

1756లో సలాబత్ జంగ్‌కి బుస్సీ మీద విసుగొచ్చి ఉద్యోగం నుంచి తీసేశాడు. బుస్సీ హైదరాబాద్ వచ్చి చార్ మహల్ తోటలో మందుగుండు పోగేసుకుని కూర్చున్నాడు. మచిలీపట్నం నుంచి అదనపు సేన వచ్చేసరికి నవాబు రాజీకొచ్చాడు. ఈలోగా సర్కార్లలో జమీందార్లు పన్ను కట్టడం మానేశారు. వెండార్ పని అయిపోయిందని వాళ్లు అనుకున్నారు. ఆ బకాయిల వసూలుకే బుస్సీ ఉత్తరాంధ్రకి బయల్దేరాడు.

విజయనగరం పెద విజయరామరాజు ఎదురెళ్లి స్వాగతం పలికాడు. ఆయనకీ, పక్కనున్న బొబ్బిలి రంగారావుకీ ఎప్పటి నుంచో పడదు. సరిహద్దు తగాదాలు, వాగు నీళ్ల తగాదాలు. రెండు ఊళ్ల మధ్య నీళ్ల గొడవ ఎంత దూరం పోతుందో ఉత్తరాంధ్ర వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. బుస్సీ దివాను హైదర్ జంగ్‌ని విజయరామరాజు బాగా చేసుకున్నాడు. బొబ్బిలి ఖాళీ చేసి వేరే చోట భూమి తీసుకోమని రంగారావుకి కబురెళ్లింది. ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత బొబ్బిలి అడవిలో ఫ్రెంచి సిపాయిల మీద దాడి జరిగింది. ఆ దాడి విజయరామరాజే చేయించి నెపం బొబ్బిలి మీదికి నెట్టాడని కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. నిజం ఏదైనా, ఫిరంగులు బయల్దేరడానికి అది చాలింది.

అదొక మట్టికోట. ఫిరంగుల ముందు ఎంతసేపు నిలబడుతుంది? అయినా గంటల తరబడి నిలబడింది. గెలవలేమని తేలాక లోపలున్న ఇళ్లకి నిప్పు పెట్టారు. ఆడవాళ్లు, పిల్లలు ఆ మంటల్లో పోయారు. బయటికి రాబోయిన వాళ్లని తమవాళ్లే పొడిచారని ఓర్మ్ రాశాడు. రంగారావు గుండు తగిలి పడిపోయాడు. అంతా అయ్యాక ఒక ముసలాయన పసివాడిని తీసుకొచ్చి లా అనే ఫ్రెంచి అధికారి చేతిలో పెట్టాడు. ఆ పసివాడు రంగారావు కొడుకు చిన రంగారావు. మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతమయ్యాడు. ఆ పని చేసింది తాండ్ర పాపారాయుడని మన కథలన్నీ చెబుతాయి.

మా ఫ్లాట్‌లో నలుగురం ఉంటాం. ఒకడిది బొబ్బిలి, ఇంకొకడిది విజయనగరం. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక ఈ టాపిక్ రావడం ఖాయం. "తెల్లోడిని మోసుకొచ్చింది మీవోడే కదరా" అని ఒకడు. "మీవోడు పన్ను కట్టుంటే ఏటయ్యేది బావా" అని రెండోవాడు. నవ్వుతూనే మొదలవుతుంది. వాట్సాప్ గ్రూపులోకి వెళ్లేసరికి నవ్వులుండవు. కింద కామెంట్లు చూస్తే, మా కులం, మీ కులం, మా వీరుడు, మీ ద్రోహి. 1757లో జరిగిన దానికి 2000లో పుట్టినవాడు బాధ్యుడైపోతాడు.

నాకు రెండు కోటల్లోనూ చుట్టాల్లేరు. మాది రాజాం పక్క పల్లె. మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. తాతముత్తాతలంతా దుక్కి దున్నిన వాళ్లే. రాజు మారితే మావాళ్లకి మారేది శిస్తు తీసుకునే చెయ్యి మాత్రమే. అందుకే ఈ కథ విన్నప్పుడల్లా నా చూపు ముందు ఆ మంటల్లో ఉన్న ఇళ్ల మీద పడుతుంది. మగవాళ్లు చావడానికి సిద్ధపడ్డారు, సరే. లోపలున్న ఆడవాళ్లని ఎవరైనా అడిగారా? కథల్లో ఆ చావు వాళ్లే కోరుకున్నట్టు ఉంటుంది. కథ చెప్పడానికి వాళ్లలో ఎవరు మిగిలారని మనం అంత గట్టిగా అంటున్నాం? బొబ్బిలి పౌరుషం మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఈ ప్రశ్న కూడా ఉంది.

ఆ కోపం ఎటు తిరిగిందంటే

విజయరామరాజు తర్వాత ఆనంద గజపతిరాజు గద్దెకొచ్చాడు. బుస్సీ లెక్కలు ఆయనకి నచ్చలేదు. 1757 జూన్‌లో, అక్కడ ప్లాసీ యుద్ధం జరిగిన నెలలోనే, బుస్సీ విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ల స్థావరాన్ని పట్టుకున్నాడు. ఇక కోస్తా అంతా ఫ్రెంచివాళ్లదే అనుకున్నారు. కానీ 1758లో కొత్తగా వచ్చిన లాలీ దొర మద్రాసు మీదికి పోవడానికి బుస్సీని వెనక్కి పిలిపించాడు. ఆయన జాగాలో కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. అనుభవం ఉన్నవాడిని ప్రాజెక్టు మధ్యలో తీసేస్తే ఏమవుతుందో మా టీముల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఆనంద గజపతి ఆ సందు చూశాడు. విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్లని పట్టుకుని, ఇంగ్లీషు జెండా ఎగరేసి, బెంగాల్‌లో ఉన్న క్లైవ్‌కి కబురు పెట్టాడు. క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. దాదాపు 500 మంది తెల్ల సైనికులు, 2000 మంది సిపాయిలు ఓడల్లో వచ్చి విశాఖలో దిగారు. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో యుద్ధం జరిగింది. ఫోర్డ్ సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకున్నారు. వాళ్లని చూసి వీళ్లే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. ఫ్రెంచివాళ్లు వరసలు చెదిరి వెంటపడ్డారు. అసలు తెల్ల పటాలం పక్కనే మనిషెత్తు పెరిగిన చేలో దాక్కుని ఉంది. ఆ చేను ఏ రైతుదో పాపం, ఆ ఏడు పంట చేతికొచ్చిందో లేదో.

1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి ఫోర్డ్ మచిలీపట్నం కోట మీద దాడి చేశాడు. లోపల లొంగిపోయిన వాళ్లు బయట ముట్టడించిన వాళ్ల కంటే ఎక్కువ. ఫ్రెంచివాళ్లకి సాయంగా పెద్ద సేనతో బయల్దేరిన సలాబత్ జంగ్ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. మే 14న ఇంగ్లీషువాళ్లతోనే ఒప్పందం రాసుకున్నాడు. మచిలీపట్నం, దాని చుట్టుపక్కల సీమ వాళ్లకిచ్చి, ఫ్రెంచివాళ్లని ఇక రానివ్వనని మాటిచ్చాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అక్కడ కెనడాలో క్యూబెక్ పడిపోయింది. అక్టోబర్‌లో ఇంగ్లీషు రేంజర్లు ఒడనాక్ అనే అబెనాకీ ఊరిని తగలబెట్టారు. ఒకే యుద్ధం, రెండు కొసలు.

అన్నట్టు, రెండు వైపులా చచ్చిన సిపాయిల సంగతి. ఉత్తరాదిలో చాలాకాలం సిపాయిని తిలంగా అనేవాళ్లు. కవాతు చేసే సిపాయిలు మొదట మన దక్షిణం వైపు నుంచి వెళ్లారు కాబట్టి ఆ పేరు. మన పేరు ఒక ఉద్యోగానికి పేరైపోయింది. ఇప్పుడు అమెరికాలో తెలుగువాడనగానే ఐటీ అనుకున్నట్టు!

అక్కడ నేల, ఇక్కడ శిస్తు

ఇంత పోలిక ఉన్నా ఒక పెద్ద తేడా ఉంది. అది చెప్పకపోతే ఈ పోలికే అబద్ధమైపోతుంది.

మన దగ్గర కంపెనీకి కావలసింది శిస్తు. శిస్తు రావాలంటే నేల మీద మనిషుండాలి, దున్నాలి, పండించాలి. అందుకే రాజులు పోయినా రైతు మిగిలాడు. వాబనాకీ నేలలో వచ్చినవాళ్లు తామే దున్నుకోవడానికి వచ్చారు. వాళ్లకి నేల కావాలి, దాని మీద మనిషి వద్దు. 1755 నవంబర్‌లో మసాచుసెట్స్ తాత్కాలిక గవర్నర్ స్పెన్సర్ ఫిప్స్ ఒక ప్రకటన ఇచ్చాడు. పెనాబ్‌స్కాట్ మగవాడిని చంపి తలచర్మం తెస్తే 40 పౌండ్లు. ఆడవాళ్లు, పన్నెండేళ్లలోపు పిల్లలదైతే 20 పౌండ్లు. ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చిన రేటు కార్డు అది. బొబ్బిలిలో జరిగింది ఘోరమే. కానీ ఆ ఘోరానికి కూడా ఎవరూ ఇలా తలకింత అని ధర కట్టలేదు.

మా కాలేజీ సీనియర్ అన్న ఒకాయన న్యూ హాంప్‌షైర్‌లో నాషువాలో ఉంటాడు. బోస్టన్ చుట్టుపక్కల పనిచేసే మనవాళ్లు చాలామంది అటు ఇళ్లు కొనుక్కున్నారు. వీడియో కాల్‌లో ఈ కబుర్లు చెబితే, "ఇక్కడేముందిరా, మంచూ చెట్లూ తప్ప" అన్నాడు. ఆ ఊరు ఒకప్పుడు డన్‌స్టబుల్ అనే సరిహద్దు ఊళ్లో భాగం. తలచర్మాల వేటకి పేరుమోసిన జాన్ లవ్‌వెల్ ఆ ఊరివాడే. తలకి 100 పౌండ్ల లెక్కన జనాన్ని కూడగట్టుకుని అడవుల్లోకి వెళ్లేవాడు. 1725 మేలో అబెనాకీలతో జరిగిన కొట్లాటలోనే చచ్చాడు. పక్కన పారే మెర్రిమాక్ నది పేరు, ఆ ఊరి పేరు, రెండూ అక్కడి ఆదివాసుల మాటల నుంచి వచ్చినవే. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా పాపకి స్కూల్లో ఇదంతా చెప్తారో లేదో అడుగుతా" అన్నాడు.

1794

ఇంగ్లీషువాళ్లని పిలిచిన విజయనగరం ఏమైంది? 1765లో మొగలు పాదుషా ఫర్మానా తెచ్చుకుని, 1766లో నిజాంతో ఒప్పందం రాసుకుని కంపెనీ సర్కార్లని చేతిలోకి తీసుకుంది. ఆ రెండు కాయితాల్లోనూ జమీందార్లు లేరు, రైతులు అసలే లేరు. ఆనంద గజపతి ఎక్కువ కాలం బతకలేదు. ఆయన తర్వాత వచ్చిన చిన విజయరామరాజుని పేష్కష్ బకాయిలు కట్టమని కంపెనీ పీడించింది. ఊరొదిలి పొమ్మంది. ఆయన వెళ్లలేదు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేన మీద పడింది. గంట కూడా పట్టలేదు. రాజు, ఆయన వెంట ఉన్న ముఖ్యులు అక్కడే ఒరిగిపోయారు.

వేరే చోట భూమి తీసుకోమంటే వెళ్లనన్న రంగారావు, ఊరొదిలి పొమ్మంటే వెళ్లనన్న విజయరామరాజు. మధ్యలో ముప్పై ఏడేళ్లు. పిలిచింది ఒకరిని తొక్కడానికి, చివరికి తొక్కింది ఇద్దరినీ. మా ఫ్లాట్‌లో ఆదివారం గొడవపడే ఇద్దరికీ నేను చెప్పేది ఇదే. బొబ్బిలిలోనూ పద్మనాభంలోనూ బిల్లు వేసింది ఒకే రకం దుకాణం, బోర్డు మాత్రం వేరు.

అదే 1794లో పాసమక్వాడీలు మసాచుసెట్స్ రాష్ట్రంతో ఒక ఒప్పందం రాసుకున్నారు. చాలా నేల పోయింది, కొంత మిగిలింది. మిగిలింది కూడా తర్వాత ముక్కలు ముక్కలుగా కరిగిపోయింది. 1957లో ఆ జాతికే చెందిన ఒక వృద్ధురాలు దాచి ఉంచిన పాత కాయితాల్లో ఆ ఒప్పందం ప్రతి బయటపడింది. లాయర్లు తవ్వితే అసలు విషయం దొరికింది. 1790 నాటి అమెరికా చట్టం ప్రకారం ఆదివాసుల నేల కొనాలంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉండాలి. ఈ ఒప్పందానికి అది లేదు. దాంతో మెయిన్ రాష్ట్రంలో మూడింట రెండొంతుల నేల మాదే అని పాసమక్వాడీలు, పెనాబ్‌స్కాట్‌లు దావా వేశారు. 1980లో 8 కోట్ల 15 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ రాజీ న్యాయమా కాదా అని వాళ్లలో ఇప్పటికీ వాదన ఉంది. ఏమైనా, కాయితాల మీద లేకుండా పోయిన వాళ్లని ఒక ముసలమ్మ దాచిన కాయితం మళ్లీ కోర్టు మెట్లెక్కించింది.

బొబ్బిలి పసివాడు చిన రంగారావు కూడా తిరిగొచ్చాడు. 1794 తర్వాత కంపెనీయే ఆయనకి బొబ్బిలి ఇచ్చింది. విజయనగరం పడిపోయింది కాబట్టి బొబ్బిలి లేచింది. కంపెనీకి ఇద్దరిలో ఎవరున్నా ఒకటే, శిస్తు వస్తే చాలు.

మన ఊళ్లోనే చూడొచ్చు

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనిపిస్తే, సెలవు రోజున రెడ్ లైన్ మెట్రో ఎక్కి మూసారాంబాగ్‌లో దిగండి. ఆ మూసారాం రేమండ్ అనే ఫ్రెంచి సేనాని. జనం మూసా రామ్ అన్నారు. నిజాం కొలువులో తుపాకులు, ఫిరంగులు పోయించిన మనిషి. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ పేరు అలా వచ్చిందే. 1798 మార్చిలో ఆయన పోయాడు. అక్టోబర్‌లో ఆయన తయారు చేసిన దాదాపు 14000 మంది సైన్యాన్ని ఇంగ్లీషువాళ్లు ఆయుధాలు కింద పెట్టించి ఇళ్లకి పంపేశారు. హైదరాబాద్‌లో ఫ్రెంచి కథ అక్కడితో సరి. దగ్గర్లో గుట్ట మీద ఆయన సమాధి ఉంది. అక్కడి నుంచి కోఠీ వస్తే ఇంగ్లీషు రెసిడెన్సీ. గెలిచినవాడి ఇల్లు, ఓడినవాడి సమాధి, ఒక్క పూటలో రెండూ చూసేయొచ్చు.

ఆ 14000 మంది సిపాయిలు ఏ ఊళ్లకి వెళ్లారు, ఏం పని దొరికింది, ఎలా బతికారు? వాళ్లకి సమాధీ లేదు, బంగళా లేదు. బొబ్బిలి వైపు, రాజాం వైపు, చందుర్తి వైపు మీకు తాతలు, మామ్మలు ఉంటే ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఒక మాట అడగండి. రాజులు కొట్టుకున్నప్పుడు మన ఊరు ఏం చేసిందట? అడవిలో దాక్కున్నారా, ధాన్యం పాతర వేశారా, సిపాయిలుగా వెళ్లారా? బుర్రకథలో లేని ముక్క ఏదైనా దొరికితే ఫోన్‌లో రికార్డు చేసి రాసి పెట్టుకోండి. వీలైతే ఈ శీర్షికకి కూడా పంపండి. పాసమక్వాడీ ముసలమ్మ చేసింది అంతే. పారేయకుండా దాచింది.